గజపతుల కొలువులో ద్రోహం: చారిత్రక నాటకం రాసి ఆడించడం ఎలా

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఒడిశాలోని ఈ ఊళ్ళల్లో మన తెలుగువాళ్ళు దసరాకో ఉగాదికో స్టేజీ కడితే ఇప్పటికీ రాయబారం సీనూ, కాటిసీనూ ఆడతారు. ఆడాలి కూడా. ఆ పద్యాలు వినకపోతే పెద్దవాళ్ళకు పండగ చేసినట్టే ఉండదు. అయితే గద్దె కోసం కుట్రలూ, ఉప్పు తిన్న ఇంటికే ద్రోహాలూ చూపించాలంటే హస్తినాపురం దాకా పోనక్కర్లేదు. మనం నిలబడ్డ ఈ నేల మీదే కావలసినంత కథ ఉంది. గంగరాజుల నుంచి గజపతులకు, గజపతుల నుంచి భోయి వంశానికి, వాళ్ళ నుంచి ఒక తెలుగు సేనానికి కటకం (ఇప్పటి కటక్) సింహాసనం చేతులు మారింది. ఇదంతా సుమారు 125 ఏళ్ళలోనే. దాన్ని మన తెలుగులో, మన పిల్లలతో ఆడించాలని నా కోరిక. అందుకే రాయడం దగ్గర్నుంచి తెర దించేదాకా ఏం చేయాలో చెబుతున్నాను.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. ఈ చరిత్రలో ద్రోహం జరిగినప్పుడు చాలాసార్లు రాజు రాజధానిలో లేడు. 1434–35 ప్రాంతంలో గంగరాజు నాలుగో భానుదేవుడు దక్షిణాన దండయాత్రలో ఉండగా గజపతి వంశానికి మొదటివాడైన కపిలేంద్రుడు గద్దె ఎక్కాడు. 1509లో ప్రతాపరుద్ర గజపతి దక్షిణాన ఉండగా బంగాళా సుల్తాను సేనాని ఇస్మాయిల్ ఘాజీ పూరీ దాకా వచ్చేశాడు. 1568లో ముకుందదేవుడు ఉత్తరపు సరిహద్దులో బంగాళా సేనతో తలపడుతుంటే సారంగగఢం కోటలో ఉన్న సామంతుడు రామచంద్ర భంజుడు తిరగబడ్డాడు. కాబట్టి మీ నాటకంలో అన్నిటికన్నా ముఖ్యమైన వస్తువు ఖాళీగా ఉన్న సింహాసనం. అది స్టేజీ మీద కనబడుతూ ఉండాలి. ఆ ఖాళీని చూస్తూ ఎవడేం అనుకుంటున్నాడన్నదే నాటకం.

మొదట: ఒకే ఒక్క ద్రోహాన్ని ఎంచుకోండి

అన్నీ కలిపి రాయాలనిపిస్తుంది. వద్దు. రెండు గంటల నాటకంలో ఒక్క ద్రోహమే పడుతుంది. మీ ముందు నాలుగు కథలున్నాయి.

కపిలేంద్రుడిది మొదటిది. కథ గొప్పదే, కానీ ఓడినవాడు స్టేజీ మీదికి రాడు. భానుదేవుడు తిరిగి వచ్చి తలపడ్డాడనడానికి మనకేమీ దొరకదు. ఆయన గుడారి వైపు తప్పుకున్నాడని మన ప్రాంతంలో చెప్పుకుంటారు. పర్లాకిమిడి రాజులు తమ వంశాన్ని ఆ గంగరాజులతోనే కలుపుకుంటారు. గుణుపురం వాళ్ళు, పర్లాకిమిడి వాళ్ళు ఆడితే ఈ కథకు ఊరి బలం తోడవుతుంది.

హంవీరుడిది రెండో కథ. కపిలేంద్రుడి పెద్దకొడుకు, తండ్రికి దక్షిణదేశం గెలిచి పెట్టినవాడు. తండ్రి చిన్నవాడైన పురుషోత్తముణ్ణి వారసుణ్ణి చేశాడు. హంవీరుడు బహమనీ సుల్తానుతో చేయి కలిపాడు. సాయం చేసినందుకు కొండపల్లి, రాజమహేంద్రవరం వాళ్ళకు పోయాయి. తానే గెలిచిన కోటల్ని తమ్ముడి మీద కోపంతో పరాయివాడి చేతిలో పెట్టిన మనిషి. అన్నదమ్ముల ఆస్తి తగాదాలు చూసినవాళ్ళకు ఈ కథ విడమరచి చెప్పనక్కర్లేదు.

నాలుగోది తెలంగా ముకుందదేవుడిది. ఒడియావాళ్ళు ఆయన్ని అలాగే పిలుస్తారు. 1559–60లో రఘురామ ఛోట్రాను చంపి గద్దె ఎక్కాడు, 1568లో జాజ్‌పూర్ వైపు గోహిరటికిరి దగ్గర ప్రాణం విడిచాడు. ఆయనతోనే కటకం స్వతంత్రం ముగిసింది. ‘మనవాడు’ అనే మురిపెంతో రాస్తే ఈ నాటకం చెడుతుంది. రాజును చంపే గద్దె ఎక్కినవాడాయన. ఆ సంగతి దాచకుండా రాయగలనన్న ధైర్యం వచ్చాకే మొదలుపెట్టండి.

మూడోదాన్ని చివరికి ఉంచాను. మొదటిసారి రాసేవాళ్ళకు నేను చెప్పేది ప్రతాపరుద్ర గజపతి కొలువులోని గోవింద విద్యాధరుడి కథే. 1509లో మొదలై 1541లో ముగుస్తుంది. ద్రోహం చేశాడు, క్షమాపణ దొరికింది, ఇంకా పెద్ద పదవి దొరికింది, ముప్ఫై ఏళ్ళు రాజు పక్కనే ఉన్నాడు, ఆ రాజు పోయాక ఆయన కొడుకులను చంపించి తానే రాజయ్యాడు. దుర్మార్గుడి కథ అని రాస్తే అరగంటలో అయిపోతుంది. రాజు ఎందుకు క్షమించాడన్నది పట్టుకుంటే రెండు గంటలూ చాలవు. ఇక్కణ్ణుంచి ఈ కథనే ఉదాహరణగా తీసుకుంటాను.

తెలిసింది వేరు, చెప్పుకునేది వేరు

ఒక నోటుపుస్తకం తీసుకుని పేజీకి మధ్యలో గీత గీయండి. ఎడమవైపు శాసనాలూ, ఆ కాలపు ఆధారాలూ చెప్పేవి. కుడివైపు జనం చెప్పుకునేవి, గుడి చరిత్రల్లో రాసుకున్నవి, కావ్యాల్లో ఉన్నవి. రెండూ నాటకానికి పనికొస్తాయి, కానీ ఏది ఏదో మీకు తెలిసి ఉండాలి. నాటకం అయ్యాక ఏ రిటైర్డ్ మాస్టారో లేచి అడిగితే జవాబు మీ దగ్గర ఉండాలి కదా.

విద్యాధరుడి ద్రోహం మనకు ముఖ్యంగా పూరీ జగన్నాథాలయపు చరిత్ర మాదలాపంజి నుంచి వస్తోంది. కటకం రక్షణ అతనికి అప్పగించి ప్రతాపరుద్రుడు దక్షిణానికి వెళ్ళాడు. శత్రువు రాగానే విద్యాధరుడు సారంగగఢంలో తలుపులు వేసుకున్నాడు. పూరీ పూజారులు జగన్నాథ విగ్రహాలను చిలికా సరస్సులోని చడేయిగుహ కొండకు పడవ మీద దాటించారు. రాజు పరుగున తిరిగి వచ్చి ఇస్మాయిల్ ఘాజీని మందారణ్ కోట దాకా తరిమి ముట్టడి వేశాడు. అక్కడ విద్యాధరుడు శత్రువుతో కలిశాడు. ముట్టడి ఎత్తేయాల్సి వచ్చింది. అప్పుడు ప్రతాపరుద్రుడు అతణ్ణి శిక్షించలేదు, పిలిచి పెద్ద అధికారం ఇచ్చాడు. ఇదీ ఆ చరిత్ర చెప్పే వరస.

కుడివైపు పెట్టాల్సిన దాంట్లో మంచి ఉదాహరణ వీరభద్రుడు. 1515లో కృష్ణదేవరాయలు కొండవీడు గెలిచినప్పుడు బందీగా దొరికిన గజపతి కొడుకు. రాయల సభలో తనకంటే తక్కువవాడితో కత్తిసాము చేయమంటే అవమానం భరించలేక పొడుచుకుని చచ్చిపోయాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. స్టేజీ మీద అది కన్నీళ్ళు తెప్పించే సీను. కానీ కన్నడదేశంలో దావణగెరె వైపు దొరికిన 1516 నాటి శాసనం ప్రకారం వీరభద్రుడు రాయల కింద ఒక సీమ ఏలుతున్నాడు. అందుకే ఆ సీను పెట్టవద్దంటాను. తండ్రి శత్రువు దగ్గర ఉద్యోగం చేస్తున్న కొడుకు, చచ్చిన కొడుకు కంటే నాటకానికి బరువైన పాత్ర. కటకంలో ఆ కబురు విన్న విద్యాధరుడి ముఖం ఎలా ఉంటుందో ఊహించండి.

అలాగే కృష్ణదేవరాయల మీద రాసిన రాయవాచకం అనే వచన గ్రంథంలో పదహారుమంది పాత్రుల (గజపతి సామంతుల) కథ ఉంది. అప్పాజీ తిమ్మరుసు గజపతి సామంతులకు లంచం పంపుతున్నట్టు ఉత్తరాలూ బంగారమూ పంపించి, అవి గజపతి మనుషులకే దొరికేలా చేస్తాడు. గజపతి తన సామంతులందరినీ అనుమానించి పారిపోతాడు. అది పుస్తకంలో కథ. చరిత్ర అని మాత్రం అనౌన్స్ చేయకండి. వాడుకోవాలంటే మాత్రం ఎంత బాగా అతుకుతుందో చూడండి. 1509లో ఒకసారి నిజంగా ద్రోహం చవిచూసి, దాన్ని మింగేసిన రాజు కాబట్టే దొంగ ఉత్తరాలను వెంటనే నమ్మేస్తాడు. జరగని ద్రోహం కూడా అతణ్ణి ఓడిస్తుంది.

ఒక్కసారి వెళ్ళి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. పూరీ, భువనేశ్వర్ లింగరాజ ఆలయాల్లో కపిలేంద్రుడి శాసనాలున్నాయి. రాజుకు కీడు తలపెట్టిన సామంతుణ్ణి దేశం వెళ్ళగొట్టి ఆస్తి జప్తు చేస్తామన్న హెచ్చరిక వాటిలో కనబడుతుంది. తాను గద్దె లాక్కున్నవాడే ఈ మాట గుడి గోడ మీద చెక్కించాడు. ఆయన ఏలుబడి మొదట్లో మన కొరాపుట్ వైపు నందపురం శిలావంశీయులు, ఇటు ఒడ్డాది మత్స్యులు ఎదురుతిరిగారు మరి. సింహాచలంలో కృష్ణదేవరాయల శాసనాలు, పొట్నూరులో ఆయన జయస్తంభం గుర్తు, శ్రీకూర్మంలో గజపతుల కాలపు శాసనాలు, అన్నీ బరంపురం నుంచి రైలో బస్సో ఎక్కితే చూడగలిగినవే. పాత్రధారుల్ని కూడా తీసుకెళ్ళండి. శాసనం ముందు నిలబడి తన పాత్ర పేరు చదువుకున్న కుర్రాడు రిహార్సల్‌కు ఎగ్గొట్టడు.

ద్రోహికి ఒక ఉద్యోగం ఇవ్వండి

చారిత్రక నాటకాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. ద్రోహి పాత్ర తెర లేవగానే మీసం మెలేసి ‘ఈ సింహాసనం నాదే’ అని నవ్వుతాడు. ఆ తరవాత ప్రేక్షకుడికి తెలుసుకోవాల్సింది ఏమీ మిగలదు.

విద్యాధరుడు ఏ పని చేసేవాడు? కోట అతని చేతిలో ఉంది. కోట ఉందంటే గాదెలు, తాళాలు, కాపలా, జీతాలు, పద్దులు ఉన్నట్టే. అతని వంశానికి పేరైన భోయి పదవే రాతకోతలది. కాబట్టి అతని మాటల్లో లెక్కలు రావాలి. ఆశ కూడా లెక్కలోంచే పుట్టాలి. ఇది నేను కల్పించుకున్న సంభాషణ, నమూనాగా చూడండి:

(సారంగగఢం. రాత్రి. విద్యాధరుడి ముందు తాటాకుల కట్ట. గాదెల అధికారి నిలబడి ఉన్నాడు.)

విద్యాధరుడు: గింజలు ఎన్నాళ్ళకొస్తాయి?

గాదెల అధికారి: ఒక పూట తగ్గిస్తే నెల రోజులు, స్వామీ.

విద్యాధరుడు: దక్షిణం నుంచి కబురు?

గాదెల అధికారి: రాలేదు. మన వేగు గోదావరి దాటాడో లేదో.

విద్యాధరుడు: ప్రభువులు ఎప్పటికి వస్తారు?

(గాదెల అధికారి మాట్లాడడు.)

విద్యాధరుడు: నీకు తెలీదు. నాకూ తెలీదు. బయట గుడారాలు వేసుక్కూచున్నవాడికి మాత్రం తెలుసు. అందుకే తొందరపడటం లేదు.

గాదెల అధికారి: స్వామీ, రాజుగారు మనల్ని నమ్మి...

విద్యాధరుడు: నమ్మారు. ఏనుగుల్ని వెంట తీసుకెళ్ళారు, నమ్మకం ఇక్కడ వదిలేశారు. గోడ మీద నిలబెట్టడానికి నమ్మకాన్ని ఎంతమంది కింద లెక్క కట్టమంటావు?

(తాటాకు మీద గంటం ఆపుతాడు.)

విద్యాధరుడు: రేపు ఉత్తరం బురుజు మీద దివిటీలు వెలిగించవద్దని చెప్పు.

గాదెల అధికారి: ఎందుకు స్వామీ?

విద్యాధరుడు: నూనె ఖర్చు.

చూడండి, ఇందులో విద్యాధరుడు ద్రోహం అన్న మాట పలకలేదు. రాజుగారి మీద కోపం ఉంది, ఆ కోపంలో న్యాయం ఉంది. నూనె ఖర్చు అన్నాడు కానీ, దివిటీ లేని బురుజు కింద ఎవడు వస్తాడో, ఎవడు వెళ్తాడో ప్రేక్షకుడికి అర్థమవుతుంది. గాదెల అధికారికీ అర్థమవుతుంది. అతను ‘చిత్తం’ అని వెళ్ళిపోతాడా, ఒక్క క్షణం ఆగుతాడా అన్నది మీ నటుడి చేతిలో పని. ద్రోహం ఒక్కడు చేయలేడు. అవునని చెప్పే చిన్న ఉద్యోగులు కావాలి. అలాంటి పాత్రలు రెండు మూడు రాయండి. డైలాగులు తక్కువున్నా బరువు వాళ్ళ మీదే ఉంటుంది.

క్షమించే సీనే ముందు రాయండి

మొదటి సీను నుంచి వరసగా రాయకండి. ప్రతాపరుద్రుడు విద్యాధరుణ్ణి పిలిపించి పదవి ఇచ్చే సీను ముందు రాయండి. అది కుదిరితే నాటకం కుదిరినట్టే. కుదరకపోతే మిగతా సీన్లు ఎంత బాగున్నా లాభం లేదు.

ఆ సీనులో రాజు దయగలవాడని చూపించకండి. పిరికివాడనీ చూపించకండి. ఎదుట మందారణ్ కోట, లోపల శత్రువు, వాడితో కలిసిన తన మనిషి. వెనక దక్షిణాన అదే 1509లో విజయనగరం గద్దె ఎక్కిన కొత్త రాజు కృష్ణదేవరాయలు. రెండు వైపులా యుద్ధం చేయలేడు. విద్యాధరుణ్ణి చంపితే అతని వెంట ఉన్న సేన శత్రువు దగ్గరే ఉండిపోతుంది. కాబట్టి అతణ్ణి కొంటున్నాడు. ధర ఎంతో ఇద్దరికీ తెలుసు. సీనంతా బేరంలా రాయండి, కానీ ఇద్దరిలో ఎవరూ బేరం అన్న మాట పలక్కూడదు.

ఇక్కడ రాజు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ‘ఎందుకు చేశావు?’ అని అడుగుతాడని అందరూ అనుకుంటారు. అడగనివ్వకండి. ‘కొట్లో ఇంకా గింజలున్నాయా?’ అని అడిగించండి. గాదెల సీను చూసిన ప్రేక్షకుడు కుర్చీలో ముందుకు జరుగుతాడు. రాజుకు మొదట్నుంచీ లెక్క తెలుసా? తెలిసే ఏనుగుల్ని తీసుకెళ్ళాడా? దానికి జవాబు చెప్పకండి.

ఆ సీనులో పక్కన నిలబడ్డ ఇతర పాత్రుల్ని మరచిపోవద్దు. నమ్మకంగా కొలిచినవాళ్ళు చూస్తున్నారు. ద్రోహం చేసినవాడికి తమకంటే పై ఆసనం దక్కింది. వాళ్ళలో ఒకడు తలపాగా సర్దుకుంటాడు, ఇంకొకడు రాజు వైపు కాక విద్యాధరుడి వైపు చూస్తాడు. మరుసటి ముప్ఫై ఏళ్ళ చరిత్ర ఆ చూపుల్లో ఉంది.

తరవాతి సీన్లు త్వరగా నడిపించండి. 1514లో ఉదయగిరి పడిపోవడం, 1515లో కొండవీడు, ఆపైన సింహాచలం దాకా రాయల సేన, చివరికి సంధి, కృష్ణకు ఉత్తరాన ఉన్న దేశం తిరిగి గజపతికి రావడం, ఇవన్నీ వేగుల నోట చెప్పించండి. యుద్ధాలు స్టేజీ మీద ఆడితే అట్టకత్తుల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఒక్క సీను మాత్రం తప్పకుండా ఉండాలి. సంధిలో భాగంగా రాయలకిచ్చి పెళ్ళి చేసిన గజపతి కూతురు. ఒడిశా వైపు జగన్మోహిని అంటారు, మనవైపు తుక్క అంటారు. ద్రోహికి పదవి, కూతురికి శత్రువు ఇల్లు. ఆ రెండు పంపకాలు చేసింది ఒకే తండ్రి. ఆమె ఆ మాట తండ్రి మొహం మీద అనాలి. మన నాటకాల్లో ఆడపాత్రలకు ఏడవడమే పని ఇస్తాం. ఈమెను ఏడిపించకండి.

1540లో ప్రతాపరుద్రుడు పోయాడు. కొడుకులు కలువదేవుడు, కఖారువదేవుడు ఒకరి తరవాత ఒకరు గద్దె ఎక్కారు, కొద్దికాలంలోనే ఇద్దరూ హతమయ్యారు. హత్యలు తెర వెనకే జరగాలి. స్టేజీ మీద మళ్ళీ ఖాళీ సింహాసనం, దాని పక్కన ముసలి విద్యాధరుడు. ముప్ఫై ఏళ్ళవాడు అరవై ఏళ్ళవాడయ్యేదాకా ఒకే నటుడు చేయాలి. ఇద్దర్ని పెడితే ఆ కాలం బరువు పోతుంది. మేకప్‌మేన్‌తో ముందే మాట్లాడుకోండి. తెల్లజుట్టు విగ్గు కన్నా నడక మార్చడం ముఖ్యం.

భాష, పద్యం, లిపి

మామూలు మాటల్లో రాయండి. ‘ఓరీ దురాత్మా’ లాంటివి వచ్చాయా, జనం నవ్వుతారు. అలాగని ఫోన్లో మాట్లాడినట్టూ వద్దు. పెద్దమనిషి పంచాయితీలో కూర్చుని మాట్లాడే తెలుగు సరిపోతుంది. కొలువులో రాజును ‘మణిమా’ అని పిలిపించండి. ఒడియావాళ్ళు గజపతిని, జగన్నాథుణ్ణి పిలిచే పిలుపు అది. తెలుగు నాటకం చూడటానికి వచ్చిన ఒడియా పక్కింటివాళ్ళు ఆ ఒక్క మాటతో మీ నాటకంలోకి వచ్చేస్తారు. విద్యాధరుడు ఏ సీనులో ఆ పిలుపు మానేస్తాడో మీరే తేల్చుకోండి, ఎవరూ దాన్ని ఎత్తి చూపకూడదు.

పద్యాలు నాలుగైదు చాలు. రాజుకీ, కూతురికీ తేటగీతి, ఆటవెలది ఇవ్వండి. ఊపిరి సరిపోతుంది, కొత్తవాళ్ళు కూడా నిలబెట్టుకోగలరు. విద్యాధరుడికి చివరి సీను దాకా ఒక్క పద్యం కూడా వద్దు. లెక్కలు మాట్లాడే మనిషి అతను. పట్టాభిషేకంనాడు మాత్రం శార్దూలమో మత్తేభమో గొంతెత్తి పాడించండి. హార్మోనిస్టుకు ముందే చెప్పకపోతే అలవాటు కొద్దీ ప్రతి ప్రవేశానికీ శ్రుతి పట్టేస్తాడు.

ఇక లిపి. మన సరిహద్దు ఊళ్ళల్లో ఇదే పెద్ద కష్టం. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్ళో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు అక్షరం చదవలేని కుర్రాడికి తెలుగు స్క్రిప్టు ఇస్తే సిగ్గుపడి మానేస్తాడు. అలాంటివాళ్ళకు తెలుగు డైలాగులను ఒడియా లిపిలో రాసివ్వండి. అయితే జాగ్రత్త. ఒడియా లిపిలో ఎ, ఏ లకు ఒకటే అక్షరం, ఒ, ఓ లకూ ఒకటే. పై సంభాషణలో ‘నెల’ అన్నది ‘నేల’ అయిపోతుంది. దీర్ఘం ఉన్న చోటల్లా ఎర్రసిరాతో పైన గీత గీయండి. ఇ, ఈ లకు, ఉ, ఊ లకు అక్షరాలు వేరే ఉన్నా పలకడంలో తేడా చూపని అలవాటు ఉంటుంది కాబట్టి అక్కడా గీయండి. వ, బ కలిసిపోతాయి. వీరభద్రుడు బీరభద్రుడవుతాడు. వ కింద చిన్న చుక్క పెట్టుకోండి. ఆపైన ఊళ్ళో మంచి ఉచ్చారణ ఉన్న పెద్దావిడ ఎవరితోనైనా డైలాగులన్నీ చదివించి వాట్సాప్‌లో వాయిస్ పంపండి. కుర్రాళ్ళు బండి మీద పోతూ కూడా వింటారు. నాటకం అయిపోయాక వాళ్ళలో కొందరు ‘తెలుగు అక్షరాలు నేర్పండి’ అని వస్తారు. అప్పుడు కాదనకండి.

స్టేజీ, దుస్తులు

గంజాం పల్లెల్లో ప్రహ్లాద నాటకం ఆడేటప్పుడు మెట్ల వేదిక కడతారు, పైన హిరణ్యకశిపుడు కూర్చుంటాడు. మీరూ అలాంటి మెట్లే కట్టించండి. ఊరి వడ్రంగులకు చెబితే చాలు, వాళ్ళకు తెలుసు. పై మెట్టు మీద సింహాసనం. విద్యాధరుడు మొదటి సీనులో నేల మీద, గాదెల సీనులో మొదటి మెట్టు మీద, ఇలా సీనుకో మెట్టు. క్షమించే సీనులో రాజే రెండు మెట్లు దిగి వచ్చి అతని ఎత్తుకు చేరాలి. రంగు రంగుల పరదాలు, పూలతోట సీనరీ ఏవీ అక్కర్లేదు.

డ్రెస్సుల కంపెనీ నుంచి వెల్వెట్టు కోట్లు, అద్దాల కిరీటాలు తెప్పిస్తే కౌరవసభలా ఉంటుంది. బరంపురం పట్టు చేతికందేంత దూరంలో ఉంది. గుడి గోపురం అంచుండే జోడ పంచెలు నేతవాళ్ళ ఇళ్ళల్లో, పెళ్ళిళ్ళు అయిన ఇళ్ళల్లో ఉంటాయి. అడిగితే ఒక్కరోజుకు ఇస్తారు. పాత్రులకు అవి కట్టించి, పైన తెల్లటి ఉత్తరీయం, తలపాగా చుడితే కొలువు కొలువులా కనబడుతుంది. తిరిగిచ్చేటప్పుడు చెమట మరకలు లేకుండా చూడటం మీ పూచీ. బంగారు రంగు కిరీటం ఒక్కటే ఉండాలి, అది రాజుది. మర్దల, ముఖవీణ వాయించేవాళ్ళు దొరికితే కొలువు ప్రవేశానికి పెట్టుకోండి.

రాజు ప్రవేశించేటప్పుడు కైవారం చదివించండి. ‘గజపతి గౌడేశ్వర నవకోటి కర్ణాట కలబరగేశ్వర’ అన్నది కపిలేంద్రుడి కాలం నుంచీ వచ్చిన బిరుదు. మొదటి సీనులో ప్రతాపరుద్రుడికి చదివిన గొంతే చివర విద్యాధరుడికీ చదవాలి. కర్ణాటదేశం చేజారి చాలాకాలమైనా బిరుదు మాత్రం అలాగే ఉంటుంది. చదివేవాడు ఎక్కడా తడబడకూడదు.

రిహార్సళ్ళు, ఆడే రోజు

మొదటివారం ఎవరూ నిలబడొద్దు. చుట్టూ కూర్చుని చదవండి, గొడవపడండి, ఎవరి పాత్ర ఎందుకు అలా చేస్తోందో తేల్చుకోండి. విద్యాధరుడి పాత్రధారి తన పాత్ర చేసింది తప్పు కాదని వాదించగలగాలి. ప్రతాపరుద్రుడి పాత్రధారి అంతే గట్టిగా ఎదురు చెప్పాలి. వాళ్ళిద్దరి మధ్య వాదన తెగకపోతే నాటకం బాగా వస్తోందని గుర్తు. ప్రాంప్టర్ మీద ఆధారపడే అలవాటు మొదట్లోనే మాన్పించండి. మౌనాలున్న నాటకంలో ప్రాంప్టర్ గొంతు వినబడితే అన్నీ పాడవుతాయి.

మనది రెండు భాషల ఊరు. రాయలు గెలిచాడన్న మాట రాగానే మనవాళ్ళు ఈలలు వేస్తే పక్కన కూర్చున్న ఒడియా కుటుంబం నొచ్చుకుంటుంది. రాయల్ని స్టేజీ మీదికి తేకపోవడమే మంచిది. అలాగే ఇస్మాయిల్ ఘాజీ ఒక సుల్తాను సేనాని, అంతవరకే. అతని మతం గురించి ఒక్క మాట కూడా అనవసరం. ఈ కథలో ద్రోహం లోపలివాళ్ళదే. మొదలుపెట్టే ముందు ఒకరు మైకులో, తెలుగులోనూ ఒడియాలోనూ, ఇందులో ఏది చరిత్ర, ఏది కల్పన అన్నది నాలుగు మాటల్లో చెప్పాలి.

మైకు అనుమతి ముందే పోలీసు స్టేషన్లో తీసుకోండి. పదో తరగతి పరీక్షల నెల వద్దు. పదిన్నరకల్లా తెర పడేలా మొదలుపెట్టండి. ఇప్పుడు తెల్లవార్లూ కూర్చునేవాళ్ళు లేరు, ఉన్నా ఆడవాళ్ళకు ఇంటికి వెళ్ళడం కష్టం.

చివరి సీనుకు మంగళహారతి పద్యం పెట్టమని కమిటీ పెద్దలు అడుగుతారు. మర్యాదగా కాదనండి. హారతి మొదట్లో ఇవ్వండి. విద్యాధరుడి పద్యం, ఆపైన కైవారం, అంతటితో తెర దించేయండి. సన్మానాలూ, శాలువాలూ మర్నాటి సభలో పెట్టుకోవచ్చు.

ఆడిన మర్నాడు స్క్రిప్టులన్నీ వెనక్కి తీసుకోండి, ఎర్ర గీతలున్న ఒడియా లిపి ప్రతులతో సహా. ఒక సెట్టు సంఘం బీరువాలో ఉంచి, ఇంకోటి పక్క ఊరి సంఘానికి పంపండి. పర్లాకిమిడి వాళ్ళు భానుదేవుడి కథ, జయపురం వాళ్ళు నందపురం కథ రాయడానికి ఎక్కడ మొదలుపెట్టాలో వాటిని చూస్తే తెలుస్తుంది.